దీక్ష లీడరుది, భోజనం నాది

కాలేజీకి నేనూ రోజూ వెళ్ళినవాణ్ణే. ఎండైనా వానైనా మానలేదు. కాకపోతే లోపల నాకు బెంచీ లేదు, హాజరు పిలిచేటప్పుడు నా పేరు రాదు, అంతే తేడా. జగ్గయ్యపేటలో ఎనిమిదో తరగతి మధ్యలో నేనూ చదువూ ఒకరినొకరం వదిలించుకున్నాం. ఇద్దరం సుఖపడ్డాం. మా అక్కను నందిగామలో ఇచ్చారు. బావకు బస్టాండు ఎదురుగా సైకిల్ షాపు ఉండేది. పంక్చర్లు వేయడం నేర్చుకోమని మా నాన్న నన్ను అక్కడికి పంపాడు. నేను నేర్చుకున్నది క్యారేజీలు మోయడం.

డెబ్బైలు ముగిసి ఎనభైలు మొదలవుతున్న రోజులవి. చుట్టుపక్కల పల్లెల కుర్రాళ్ళు నందిగామలో గదులు అద్దెకు తీసుకుని చదువుకునేవాళ్ళు. గదికి ఒక కిరసనాయిల్ స్టవ్వు ఉండేది గానీ, దాని మీద టీ తప్ప ఏదీ ఉడికినట్టు నేను చూడలేదు. అన్నం ఊళ్ళ నుంచి బస్సు మీద వచ్చేది. పొద్దున్నే తల్లులు రోడ్డు పక్కన నిలబడి క్యారేజీ పైకెత్తేవాళ్ళు. స్టాపుందా లేదా అని లేదు, చేలో నిలబడి ఎత్తినా సరే, డ్రైవరు ఆపేవాడు. కిటికీలోంచి చెయ్యి చాపి క్యారేజీ అందుకుని పక్కనే ఉన్న ఇంజను బానెట్ మీద పెట్టుకునేవాడు. ఆ వేడికి నందిగామ చేరేసరికి పప్పు ఇంట్లో దించినంత వేడిగా ఉండేది. దీనికి టిక్కెట్టు లేదు, రూలు లేదు. తల్లులు అప్పుడప్పుడూ డ్రైవరుకీ కండక్టరుకీ జంతికలో, గోంగూర పచ్చడో పంపేవాళ్ళు, అంతే.

బస్టాండులో క్యారేజీలు దించుకుని, సైకిలు హ్యాండిలుకు ఇటూ అటూ తగిలించుకుని గదులకూ కాలేజీకీ చేర్చేది నేను. ఒకదానికి ఎర్ర దారం, ఒకదానికి పచ్చ రంగు చుక్క, ఒకదానికి విరిగిన పిడికి కట్టిన తీగ, ఇవీ గుర్తులు. సాయంత్రం బస్సులో ఖాళీవి వెనక్కి పంపేవాణ్ణి. ఇంటి దగ్గర ఆ తల్లులు డాక్టరు నాడి పట్టుకున్నట్టు ఆ గిన్నెలు చూసేవాళ్ళు. పెరుగన్నం మిగిలిందా, పిల్లాడికి జలుబు. పప్పు మిగిలిందా, పిల్లాడు హోటలు మరిగాడు. అన్నీ మిగిలాయా, మర్నాడు తండ్రి బస్సు దిగేవాడు.

ఇక ఎర్ర దారం క్యారేజీ మా కాలేజీ లీడరుది. వత్సవాయి పక్క పల్లెటూరి రైతు బిడ్డ. వెదురు కర్రకు బెల్‌బాటం తొడిగినట్టుండేవాడు. మాట మొదలుపెడితే మాత్రం మైకు సిగ్గుపడేది. ఆ ఏడు వాడు పట్టుకున్న సమస్య బస్సు స్టాపు. కాలేజీ ఊరి బయట, హైదరాబాదు రోడ్డు మీద. జగ్గయ్యపేట నుంచి వచ్చే బస్సు కాలేజీ గేటు ముందు నుంచే పోయేది, ఆగేది కాదు. రోజూ వచ్చిపోయే పిల్లలు కిటికీలోంచి తమ కాలేజీని తామే చూసుకుంటూ బస్టాండుకు పోయి, అక్కణ్ణుంచి బజారు మీదుగా ఎండలో వెనక్కి నడిచేవాళ్ళు. మొదటి పీరియడ్ దారిలోనే అయిపోయేది. ఆడపిల్లలు తలలు వంచుకుని నడుస్తుంటే, కొట్ల ముందు బల్లల మీద కూర్చున్నవాళ్ళకు అదే కాలక్షేపం. డిపోవాళ్ళను అడిగితే, గేటు దగ్గర రోడ్డు మెరక, నిండు బస్సు అక్కడ ఆపితే మళ్ళీ ఎత్తు ఎక్కలేదు అన్నారు.

దాంతో లీడరు నిరాహార దీక్షకు సిద్ధమయ్యాడు. దీక్ష అంటే మా ఊరికి అప్పటికే నవ్వులాట. కిందటేడు దీక్ష చేసినాయన టెంటు వెనక పునుగులు తింటూ దొరికిపోయాడు. అందుకని ఈసారి దొంగతిండి ఉండకూడదని లీడరు ఒట్టు పెట్టుకున్నాడు. కూర్చునే ముందు నన్ను పక్కకు పిలిచాడు.

"ఒరే, నా క్యారేజీ సంగతేంట్రా?"

"ఏవుంది లీడరూ, వచ్చింది వచ్చినట్టు తిరగ్గొట్టి పంపిస్తా."

"నిండు క్యారేజీ ఇంటికెళ్తే మా అమ్మ పొద్దున్నే బస్సెక్కుద్ది. ఆవిడొస్తే దీక్ష ఉండదు. మా నాన్నకు తెలిస్తే కాలేజీయే ఉండదు, మిరపతోటలో కాపలా పెడతాడు."

"అయితే పారబోస్తాలే."

"అన్నం పారబోస్తావా? కళ్ళు పోతాయిరా!"

"మరేం చెయ్యమంటావ్?"

"తినెయ్."

విద్యార్థుల కోసం లాఠీదెబ్బలు తిన్నవాళ్ళున్నారు. నేను నెయ్యి వేసుకుని ముద్దపప్పు తిన్నాను. ఎవరి త్యాగం వాళ్ళది. బావ షాపు వెనక పాత ట్యూబులు వేలాడే రేకుల పాకలో కూర్చుని, మధ్యాహ్నం ఆ ఎర్ర దారం క్యారేజీని అడుగు కనబడేదాకా ఖాళీ చేసేవాణ్ణి. ఆపైన కాలేజీ గేటు ముందు వేసిన దీక్ష టెంటుకు వెళ్ళి లీడరు పక్కన కూర్చునేవాణ్ణి.

"ఏం కూరరా?" అని మెల్లిగా అడిగేవాడు.

"చెప్పకూడదు లీడరూ, దీక్షలో ఉన్నావు."

"వినడానికి దీక్షేం అడ్డం రాదులే. చెప్పు."

"గుత్తొంకాయ."

"నూనె తేలిందా?"

"తేలింది."

వాడు కళ్ళు మూసుకునేవాడు. పక్కవాళ్ళు నీరసం అనుకుని విసనకర్రతో విసిరేవాళ్ళు.

టెంటు ఒక కొట్టు షావుకారు ఇచ్చాడు, మైకు మరొకాయన ఇచ్చాడు. సాయంత్రమైతే ఊరంతా షికారుకు అటే వచ్చేది. పిల్లల్ని ఎత్తుకుని వచ్చి "అదుగో, అన్నం తినని అన్నయ్య" అని చూపించి, ఇంటికెళ్ళి ఆ అన్నయ్య పేరు చెప్పి అన్నం తినిపించేవాళ్ళు. పునుగుల బండి అతను టెంటుకు దూరంగా జరిగాడు, మర్యాదకు.

అంతా బాగానే ఉందనుకుంటుండగా, ఖాళీ క్యారేజీ తీసుకునే కండక్టరుకు బుర్ర పనిచేసింది. టీకొట్టు దగ్గర అందరూ వినేలా అన్నాడు. "ఏందబ్బా ఈ మాయ! దీక్షలో ఉన్నోడి క్యారేజీ రోజూ కడిగినట్టు పోతంది?"

ఇంకేముంది! లీడరంటే గిట్టని బ్యాచ్ ఒకటి ఉండేది. వాళ్ళు సాయంత్రానికల్లా టెంటు ముందు చేరారు. "కిందటేడు పునుగులు, ఈ ఏడు ఫుల్ మీల్సు. దీక్షలు బాగా డెవలప్ అయినయ్ గురూ!" అని అరిచారు. జనం నవ్వారు. లీడరు ముఖం వాడిపోయింది. ఆకలికి వాడని ముఖం ఆ నవ్వుకు వాడింది.

"తిన్నది నేనని చెప్పేస్తా లీడరూ," అన్నాను.

"తింటున్నానని అనుకోబట్టే కండక్టరు మా ఊళ్ళో ఏం చెప్పలా. నువ్వు మైకులో చెప్తే, పస్తున్నానని చెప్పేస్తాడు. అమ్మొచ్చుద్ది. వద్దు," అన్నాడు. మర్నాడు వచ్చి మాట్లాడతానని డిపో ఆఫీసరు అప్పటికే కబురు పెట్టాడు. ఈలోపు దొంగ దీక్ష అని పేరు పడితే ఆయన వచ్చినా నవ్వి పోతాడు. చెప్తే ఒక తంటా, చెప్పకపోతే ఒక తంటా.

ఇంతకూ ఆ రోజు క్యారేజీలో వచ్చింది కాకరకాయ కారం. నాకు కాకరకాయంటే ప్రాణం. మసాలా కూడా వేలితో తుడిచి తిన్నాను. అదే కొంప ముంచింది.

మర్నాడు బస్టాండులో ఎర్ర దారం క్యారేజీ బానెట్ మీద లేదు. వెనక డోరులోంచి ఒక పెద్దావిడ చేతిలో దిగింది. అలవాటుకొద్దీ చెయ్యి చాపాను. ఆవిడ వదల్లేదు.

"క్యారేజీలు మోసే అబ్బాయివి నువ్వేనా?"

"నేనేనండి."

"మావోడు ఎట్టున్నాడు?"

"బ్రహ్మాండంగా ఉన్నాడండి. కాస్త ఒళ్ళు కూడా చేశాడు."

సరిగ్గా అప్పుడే మైకు రిక్షా మా పక్క నుంచి పోయింది. "క్షీణిస్తున్న విద్యార్థి నాయకుని ఆరోగ్యం! తరలి రండి!" అని అరుచుకుంటూ. నేను రిక్షా చక్రాల వంక చూస్తూ నిలబడ్డాను.

"నీ ఒళ్ళు చూస్తుంటే తెలుస్తందిలే," అందావిడ. "కాలేజీ కాడ బస్సులోంచి చూశా. దండేసుకుని టెంటు కింద కూకుంది మావోడే. దిగుతా, ఆపయ్యా అంటే ఆపలా. ఇక్కడిదాకా లాక్కొచ్చాడు. పద, నడువు."

నేను సైకిలు తోసుకుంటూ, ఆవిడ క్యారేజీ పట్టుకుని, ఎండలో బజారు మీదుగా కాలేజీకి నడిచాం. దారి పొడుగునా ఆవిడ కొడుకును ఒక్క మాట అనలేదు. బస్సును మాత్రం వదల్లేదు.

టెంటు దగ్గర జనం కిక్కిరిసి ఉన్నారు. సఫారీ సూటులో డిపో ఆఫీసరు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. గిట్టని బ్యాచ్ చేతులు కట్టుకుని ఎదురుగా నిలబడ్డారు. తల్లిని చూడగానే లీడరు లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు.

"అమ్మా..."

"నోర్ముయ్. నిన్న కాకరకాయ తిన్నదెవడు?"

ఆవిడ జనం వైపు తిరిగింది. "ఈడు పుట్టిన కాడ్నించి కాకరకాయ ముట్టలా. నేను ఎయ్యడం, అది ఇంటికి తిరిగి రావడం, ఇదే వరస. నిన్న గిన్నె నాకినట్టుంది. నా కొడుకు తింటే పప్పు తినేవోడు గానీ కాకరకాయ తింటాడా? ఎవడో తింటన్నాడు, ఈడు పస్తుంటన్నాడు. అందుకే వచ్చా."

నేను చెయ్యెత్తాను. ఎనిమిదో తరగతి తరువాత చెయ్యెత్తడం అదే మొదలు. "నేనేనండి. రోజూ నేనేనండి. చాలా బాగుందండి."

జనం గొల్లుమన్నారు. ఈసారి నవ్వు నా మీద. లీడరు ముఖం విచ్చుకుంది. గిట్టని బ్యాచ్ చేతులు విప్పి జేబుల్లో పెట్టుకున్నారు.

ఆవిడ ఆఫీసరు దగ్గరకు వెళ్ళింది. "ఇక్కడ బస్సెందుకు ఆగదు బాబూ?"

"చూడండమ్మా, ఇది మెరక. నిండు బస్సు ఆగితే మళ్ళీ లేవదండి. ఇంజనుకు సంబంధించిన విషయం, మీకు చెప్పినా..."

అంతలో జగ్గయ్యపేట వైపు నుంచి బస్సు హారను వినబడింది. ఆవిడ ఆయన మాట పూర్తికానివ్వకుండా రోడ్డు పక్కకు నడిచి, పల్లెలో రోజూ నిలబడ్డట్టే నిలబడి, క్యారేజీ పైకెత్తింది.

బస్సు ఆగింది. డ్రైవరు ఆలోచించి ఆపలేదు, కాలు దానంతటదే బ్రేకు మీద పడింది. కిటికీలోంచి చెయ్యి చాపాడు. "తెండమ్మా, బానెట్ మీద పెడతా."

"ఇచ్చేదేం లేదు నాయనా. ఆగుద్దో లేదో చూశా. ఇంక పోనియ్."

ఈలోపు వెనక డోరులోంచి పిల్లలు చిరిగిన బస్తాలోంచి గింజలు జారినట్టు దిగిపడ్డారు. ఆడపిల్లలు చెప్పులు సర్దుకుంటూ నేరుగా గేటులోకి నడిచారు. అందరి కళ్ళూ బస్సు మీదే. లేస్తుందా? బస్సు ఒకసారి మూలిగింది, నల్లటి పొగ మా అందరి ముఖాల మీద వదిలింది, ఏ గొడవా లేకుండా మెరక ఎక్కిపోయింది.

ఆఫీసరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. పొగ వల్లే అనుకుంటాను. "సోమవారం నుంచి ఆపిస్తామండి," అన్నాడు. చప్పట్లలో ఆ తరువాత ఏమన్నాడో వినబడలేదు. సోమవారం బస్సు ఆగింది.

ప్రిన్సిపాలుగారు నిమ్మరసం గ్లాసు పట్టుకొచ్చారు. ఆవిడ అది పక్కన పెట్టించి, గిన్నెలో మజ్జిగన్నం పలచగా కలిపి కొడుక్కి తినిపించింది. రెండో గిన్నె మూత తీసింది. మళ్ళీ కాకరకాయే. "తినేదెవడో నా కళ్ళతో చూద్దామని ఇవాళా అదే తెచ్చా," అంది. లీడరు నోట్లో ఒక చిన్న ముక్క పెట్టింది. ఊరంతా చూస్తోంది. మింగక తప్పలేదు.

"ఎట్టుందిరా?"

"చేదుగా ఉందే."

"ఉంటది. మీ నాన్నకు నేను చెప్పుకుంటాలే. నువ్వు ముందు పాసవ్వు." మిగిలిన గిన్నె తెచ్చి నా చేతిలో పెట్టింది. "తిను. నీకు పెట్టడంలో అర్థముంది."

ఆ వారం నుంచి ఎర్ర దారం క్యారేజీకి పైన ఇంకో చిన్న గిన్నె తోడు వచ్చింది. "ఇది కాకరకాయ అబ్బాయికంట!" అని కండక్టరు బస్టాండంతా వినబడేలా అరిచేవాడు. ఆ పేరే ఖాయమైంది. లీడరు ఆ ఏడు పాసయ్యాడు. కొత్తగా చేరి కాలేజీ గేటు దగ్గర దిగే పిల్లలెవరికీ ఆ స్టాపు వెనక కాకరకాయ ఉందని తెలియదు. నేను కూడా గేటు దగ్గరే సైకిలు దిగి, క్యారేజీలు పంచి, చెట్టు కింద కూర్చుని నా గిన్నె విప్పేవాణ్ణి.

కొన్నాళ్ళకు ఎంత ఇష్టమైనా నాలుక మొరాయించింది. అమ్మగారు ఒకసారి వంకాయ పంపకూడదా అని కండక్టరుతో కబురు పెట్టాను. మర్నాడు కాస్త పెద్ద గిన్నె వచ్చింది. ఆశగా మూత తీశాను. నిండా కాకరకాయే.