నీళ్ళ గ్లాసులో ఇరవై అయిదు

మా వదిన ఒక ప్రయోగశాలలో దోమల్ని పెంచుతుంది. ఇంట్లో మాత్రం సాయంత్రమయితే బ్యాటు పట్టుకుని వాటి అంతు చూస్తుంది. "అవి జీతమిచ్చే దోమలు, ఇవి రక్తం తాగే దోమలు" అంటుంది. ఆడపడుచుని కదా, ఎగతాళి చేసే హక్కు నాకుంది. వదులుకోను కూడా.

పొద్దున్నే నీళ్ళ ట్రేలలో ఈదే దోమపిల్లలకి బిస్కెట్ల పొడి చల్లడం ఆమె మొదటి పని. పరీక్ష ఉన్న రోజు డ్రాపరుతో గ్లాసుకి ఇరవై అయిదు చొప్పున లెక్కపెట్టి వేస్తుంది. ఒక గ్లాసులో ఉత్త నీళ్ళు, మిగతావాటిలో ఆకు రసం కలిపిన నీళ్ళు. మర్నాటికి ఎందులో ఎన్ని చచ్చాయో చూస్తారు.

అక్కడ పరిశోధన చేసే అమ్మాయి ఒకే మొక్క మీద రెండేళ్ళు తలబద్దలు కొట్టుకుంది. చివరికి ఒక రసం పనిచేసింది. మందు గ్లాసుల్లో అన్నీ చచ్చాయి, నీళ్ళ గ్లాసులో అన్నీ ఈదుతున్నాయి. మర్నాడు పెద్దసారుకి చూపించాలని ఆ పిల్ల ఎగిరి గంతేసింది.

మా వదిన ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుని మెతుకు ముట్టలేదు.

"ఏమయింది వదినా?"

"నిన్న పరీక్షలో నీళ్ళ గ్లాసులో చిటికెడు పొడి వేశానే. వాటికి మందూ లేదు, తిండీ లేదు, పాపమనిపించింది."

పరీక్ష సాగినంతసేపూ ఏ గ్లాసుకీ తిండి పెట్టకూడదు. ఒక్కదానికే పెడితే, మిగతావి మందుకి చచ్చాయో ఆకలికి చచ్చాయో ఎవరు చెప్పగలరు? నాకు ఒళ్ళు మండింది. అయినా ఆమె ఉద్యోగం పోతుందేమోనని భయమేసింది.

"ఊరుకో. ఎవరికి తెలుస్తుంది?" అన్నాను.

"రేపు ఆ మందు నమ్ముకున్న ఇంట్లో ఎవరికైనా మలేరియా వస్తే నాకు తెలుస్తుందిగా" అంది. నాకు సిగ్గేసింది.

పొద్దున్నే వెళ్ళి చెప్పేసింది. ఆ పిల్ల మొహంలో నెత్తురు చుక్క లేదట. కాసేపటికి తేరుకుని, "మళ్ళీ మొదలుపెడదాం అక్కా" అందట. సారుని రెండు రోజులు గడువడిగింది. ఈసారి మా వదిన తనని తానే నమ్మక, పొడి డబ్బా ఆ పిల్ల బీరువాలో పెట్టించి తాళం వేయించింది.

మర్నాడు ఇద్దరూ కలిసి లెక్కపెట్టారు. మందు గ్లాసుల్లో ఒక్కటీ మిగల్లేదు. నీళ్ళ గ్లాసులో పస్తున్నా ఇరవై అయిదూ బతికే ఉన్నాయి. ఆ పిల్ల మూడుసార్లు లెక్కపెట్టి మా వదినని పట్టుకుని ఏడ్చేసింది. ఈమె కూడా ఏడ్చింది, ఒప్పుకోదు కానీ.

"లెక్క అయిపోయినట్టేనా మేడం?"

"అయిపోయింది అక్కా."

ఆ పిల్లే వెళ్ళి బీరువా తాళం తీసి పొడి డబ్బా తెచ్చి చేతికిచ్చింది. మా వదిన నీళ్ళ గ్లాసులో మొదటిసారి కన్నా రెండు చిటికెలు ఎక్కువే వేసింది.