ఊరిని లాక్కెళ్లిన ముత్తాత

రెండువేల సంవత్సరం తర్వాత తొలి ఏళ్లలో నేను న్యూజిలాండ్‌లోని టౌరంగాలో ఒక వృద్ధాశ్రమంలో కేర్‌గివర్‌గా చేసేదాన్ని. గుంటూరులో చదివిన నర్సింగ్‌కి ఇక్కడి రిజిస్ట్రేషన్ ఇంకా రాలేదు. అక్కడ ఒక అమెరికన్ తాతగారు ఉండేవారు. ఇక్కడి కివీ అమ్మాయిని పెళ్లాడి వచ్చి నలభై ఏళ్లయినా ఆయన యాస ఇసుమంత కూడా మారలేదు. ఆయన ముత్తాత కథ రాసిపెట్టమని కూతురు ఆయనకో నోట్‌బుక్ ఇచ్చింది. చేతులు వణుకుతున్నాయని ఆయన ఆ పని నాకు అంటగట్టారు. మధ్యాహ్నం టీ ఇచ్చాక కాసేపు ఆయన చెప్పేవారు, నేను రాసేదాన్ని.

"మా ముత్తాత ఒక ఊరు కట్టాడు," అన్నారు మొదటిరోజు.

"ఎలా కట్టారు?"

"అమెరికా పడమటి బయళ్లలో నాలుగు గుంజలు పాతి, తాడు కట్టి, ఇదే మెయిన్ రోడ్డు అన్నాడు. ఊరికి తన పేరే పెట్టుకున్నాడు. మేయర్ పదవికి నిలబడ్డాడు. ఓటర్లు ఐదుగురు. ఓడిపోయాడు."

"అయ్యో! ఎవరు ఓడించారు?"

"ముగ్గురు బావమరుదులు."

పెన్ను పక్కన పెట్టి నవ్వాను. ఏ దేశమైతేనేం, బావమరుదులు బావమరుదులే.

మరుసటేడు గెలిచాడట. ఆపైన చట్టసభకీ వెళ్లాడట. రైలు తన ఊరిమీదుగా రావాలని సభలో రెండు రోజులు మాట్లాడితే, విసిగిపోయిన సభ్యులు పట్టాలను ఆరు మైళ్ల అవతలి నుంచి వేయించారట.

"అప్పుడేం చేశాడో తెలుసా? ఇళ్ల కింద దుంగలు పెట్టి, ఎడ్లను కట్టి, ఊరు ఊరంతా పట్టాల దగ్గరికి లాగించాడు. మా ముత్తవ్వ మాత్రం ఇల్లు దిగనంది. ఇల్లు కదులుతుంటే లోపలే కూర్చుని రొట్టెలు కాల్చింది!"

శుద్ధ అబద్ధం అనుకున్నాను. ఇంటికెళ్లి చెబితే మావారు, "ఆయన మందుల డోసు ఒకసారి చూడమను," అన్నారు.

వారం తిరక్కుండానే, పొద్దున్నే డ్యూటీకి డ్రైవ్ చేస్తుంటే నా ముందొక పెద్ద ట్రక్కు, దాని మీద కిటికీలతో, పైకప్పుతో సహా ఒక ఇల్లు! దాని వెనకే పాక్కుంటూ వెళ్లి లేటయ్యాను.

"ఇల్లు అడ్డొచ్చింది," అన్నాను సూపర్‌వైజర్‌తో, బెదురుగా.

ఆవిడ కివీ, ఇళ్లు ట్రక్కెక్కి ఊరు మారడం ఇక్కడివాళ్లకు మామూలే. "ఏ రోడ్డులో?" అని మాత్రం అడిగింది.

ఆ రోజు నుంచి తాతగారు ఏం చెప్పినా మారు మాట్లాడకుండా రాశాను. చెబుతూ చెబుతూ ఆయనకు కునుకు పట్టేది. ఒకరోజు ఊరికే కూర్చోలేక నేనే రెండు వాక్యాలు కలిపాను. ముత్తవ్వ కిటికీలోంచి తల బయటపెట్టి, "మెల్లగా తోలండ్రా, మాడిన రొట్టెలన్నీ మీకే పెడతాను," అని తమ్ముళ్లను కేకలేసిందని. ఆయన లేచాక చదివి వినిపించి, కొట్టేయబోయాను.

"ఉంచు, ఉంచు! సరిగ్గా అదే అంది," అన్నారాయన.

మరుసటి చలికాలం ఆయన పోయారు. అంత్యక్రియలకు వెళ్లాను. కూతురు నోట్‌బుక్ విప్పి, అన్ని పేజీలూ వదిలి ఆ పేజీయే చదివింది. చర్చి అంతా ఏడుపు మధ్య పకపకా నవ్వింది. నేను చెప్పుల వంక చూస్తూ కూర్చున్నాను. తర్వాత టీ దగ్గర ఆవిడ నా చేయి పట్టుకుంది.

"మా నాన్నమ్మ కూడా ఆ మాట అచ్చం ఇలాగే చెప్పేది, తెలుసా?"

నిజం చెప్పేద్దామని నోరు తెరిచాను. ఆవిడ నా ప్లేటులో ఒక కేకు ముక్క పెట్టింది. తెరిచిన నోట్లో కేకే పెట్టుకున్నాను.