లక్ష్మీదేవమ్మ పాట ఆగిన చోట

దయ్యాలూ ఆత్మలూ అంటే నాకు మొదటినుంచీ నమ్మకం లేదు. రికార్డింగ్ పని చేసేవాడికి వింత శబ్దాలు రోజూ వినపడతాయి. ఎక్కడో వైరు వదులై ఉంటుంది, లేదంటే టేపు మీద పాత రికార్డింగ్ సరిగ్గా చెరిగి ఉండదు. వెతికితే కారణం దొరుకుతుంది. ఈ ఒక్కదానికి మాత్రం దొరకలేదు. చెప్పుకోవాలంటే ఇప్పటికీ సిగ్గుతో తల వంగిపోతుంది.

హిందూపురంలో మా ఇంటి వెనక గదిలో చిన్న స్టూడియో నడిపేవాణ్ని. తొంభైలలో నా దగ్గర ఉన్నది నాలుగు ట్రాకుల క్యాసెట్ రికార్డర్. ఒకే క్యాసెట్ మీద పాటనూ వాద్యాలనూ విడివిడిగా ఎక్కించవచ్చు. పెనుకొండ లక్ష్మీదేవమ్మ పెళ్లిపాటలు దాంట్లోనే రికార్డు చేశాను. చుట్టుపక్కల ఎవరింట పెళ్లయినా ఆమె పాడాల్సిందే. తలంబ్రాల పాట చివరి చరణంలో పెళ్లికూతురి పేరు కలిపి పాడేది. ఆ రోజు ఆ చరణం దగ్గరికి రాగానే దగ్గు తెర వచ్చి ఆపేసింది. "ఇంగొకనాడు వచ్చి పాడతాలేప్పా" అని వెళ్లింది. మళ్లీ రాలేదు. ఆ వానాకాలంలోనే పోయింది.

కొన్నేళ్లకు కంప్యూటర్ కొన్నాను. అప్పుడు ధర్మవరం నుంచి లక్ష్మీదేవమ్మ కూతురు రత్నమ్మ వచ్చింది. కొడుకు పెళ్లిలో వాళ్ల అవ్వ పాట వినిపించాలని, దానికి కొత్తగా సన్నాయి, డోలు జోడించమని అడిగింది.

క్యాసెట్ ఒకే వేగంతో నడవదు. కాసేపు సాగుతుంది, కాసేపు పరుగెడుతుంది. కంప్యూటర్ అలా కాదు. రెండూ కలిసి నడవాలంటే, ఖాళీగా ఉన్న నాలుగో ట్రాకులో ఒక కీచుశబ్దం ఎక్కించాలి. ఒక చిన్న పెట్టె దాన్ని విని, టేపు ఎక్కడుందో కంప్యూటర్‌కు చెబుతూ ఉంటుంది. ఈ పని కుదరడానికి ఆ పాటను ఎన్నిసార్లు విన్నానో. దగ్గు తర్వాత సుయ్‌మనే టేపు శబ్దం తప్ప ఏమీ లేదు. అందుకే చివరి చరణానికి సన్నాయి ఒక్కటే పెట్టాను.

వినడానికి రత్నమ్మ తన తమ్ముడు నరసింహులును వెంటబెట్టుకొచ్చింది. తన కూతుర్ని మేనల్లుడికి ఇవ్వాలని అతను ఎంతో ఆశపడ్డాడట. రత్నమ్మేమో నల్లచెరువు సంబంధం ఖాయం చేసుకుంది. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. అప్పటికి పెళ్లికూతురి పేరు కూడా నాకు తెలియదు.

పట్టపగలు. టేపు వేశాను. కంప్యూటర్ అందుకుంది. తల్లి గొంతు వినగానే ఇద్దరూ కళ్లు తుడుచుకున్నారు. దగ్గు వచ్చింది. సన్నాయి మొదలైంది. ఆ సన్నాయి మీద లక్ష్మీదేవమ్మ చివరి చరణం పాడింది. "నాగవేణి" అని, ఆ నల్లచెరువు పెళ్లికూతురి పేరే కలిపి, తాళం తప్పకుండా పాడింది. రికార్డర్ మీద ఆమె ట్రాకులో శబ్దాన్ని చూపించే ముల్లు కదలడం నేను చూశాను.

రత్నమ్మ "అమ్మా" అంటూ నేల మీద కూలబడింది. నరసింహులు లేచాడు.

"ఎవురితో పాడిచ్చినావప్పా?"

"నేను పాడించలేదన్నా. నాకు ఆ పేరే తెలీదు."

"నీకు తెలీకపోతే మా యక్కకు తెల్దా?" అని ఆమె వైపు తిరిగాడు. "సచ్చిపోయిన అమ్మ చేత నా బిడ్డ వద్దనిపిస్తావా? ఒక మాట చెప్పింటే నేనే పక్కకు పోతాంటి గదక్కా. ఇంత నాటకం యాల?"

"నా కొడుకు మీద ఒట్టురా, నాకేం తెల్దు" అంది రత్నమ్మ.

చూపిద్దామని మళ్లీ వేశాను. దగ్గు, సన్నాయి. గొంతు లేదు. ముల్లు కదల్లేదు. ఇందాక వాళ్లకు వినిపిస్తున్నప్పుడే ఆ ట్రాకును కంప్యూటర్‌లోకి కూడా ఎక్కించుకున్నాను. అందులోనూ దగ్గు తర్వాత గొంతును చూపించే గీత చదునుగా ఉంది. మళ్లీ వేశాను. వేసిన ప్రతిసారీ నేనే అబద్ధాలకోరులా కనిపించాను. "దాసిపెట్టేసినావులే" అన్నాడు నరసింహులు. ఆ మాటలో కోపం లేదు. అదే నన్ను ఎక్కువ కుంగదీసింది.

పెళ్లికి రత్నమ్మ పట్టుబట్టి పిలిచింది. మేనమామ రాలేదు. తలంబ్రాలప్పుడు పాటను దగ్గు ముందు వరకే వేయమంది. ఆ తర్వాతది తానే పాడబోయింది. పేరు దగ్గరికి రాగానే ఆపేసింది. ఆడవాళ్లంతా నావైపు చూశారు.

ఒక ముసలమ్మ వచ్చి నా కాళ్లకు మొక్కింది. "పోయినోళ్లను పిలిపిచ్చే సామివంట గదా నాయనా!" వెనక నుంచి ఎవరో, "అక్కాతమ్ముళ్లను ఇడదీసినోడు ఈడేనంట" అన్నారు. నేనేమీ చేయలేదని ఇద్దరికీ చెప్పాలనుకున్నాను. భోజనానికి కూర్చోకుండా హిందూపురం బస్సెక్కాను.

రత్నమ్మా నరసింహులూ ఆ తర్వాత మాట్లాడుకోలేదని విన్నాను. ఆ పేరు టేపులోకి ఎట్లా వచ్చిందో, ఎట్లా పోయిందో నాకు ఈనాటికీ అంతుపట్టదు. నా గదిలో అది వినపడకపోయి ఉంటే బాగుండేదని వాళ్ల కోసం ఎన్నోసార్లు అనుకున్నాను. కానీ లక్ష్మీదేవమ్మ బతికున్నప్పుడు కూడా అంత బాగా పాడగా నేను వినలేదు. ఆ పాట మళ్లీ వినాలని నాకు ఇప్పటికీ ఉంది. ఆ మాట పైకి అనడానికి సిగ్గేస్తుంది.