వెదురు గడ మీది గుడ్డబొమ్మ

ఆ ఊళ్లో నేను మూడేళ్లు పనిచేశాను. వచ్చిన రోజు బస్సు దగ్గర నా పెట్టె అందుకున్నవారు లేరు. పోయిన రోజు సాగనంపినవారూ లేరు. అక్కడి నేతవాడవాళ్లు నన్ను క్షమించారో లేదో నాకు తెలియదు. నేను మాత్రం వాళ్లలో ఒక మనిషిని ఇప్పటికీ క్షమించలేదు. ఇది రాయడానికి ఆనాటి డైరీలు మళ్లీ తీసి వరుసగా చదివాను. వయసు పెరిగితే కోపం చల్లారుతుందంటారు. నా విషయంలో అలా జరగలేదు.

అవి యాభైల చివరి సంవత్సరాలు. మాది ఆలంపూర్ వైపు గొర్రెలు కాసే కుటుంబం. ట్రైనింగ్ ముగించగానే నన్ను చిట్యాలకు అయిదారు మైళ్ల దూరంలోని ఊరికి బడిపంతులుగా వేశారు. ఊరిలో సగం పద్మశాలీల వాడ. ఇంటింటా నేలలో తవ్విన గుంటలోకి కాళ్లు దించి నేసే గుంటమగ్గం. బడి ఆ వాడ చివరే ఉండేది. బడి పక్క గదిలోనే నా కాపురం.

ఒకరోజు బ్లాకు ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. వారానికొకసారి పిల్లలనూ తల్లిదండ్రులనూ ఒకచోట కూర్చోబెట్టి కథలు చెప్పించాలి, చేతిపనులు చేయించాలి అని అందులో ఉంది. చుట్టుపక్కల పంతుళ్లు చేసినట్టు రాసి పంపేవారు. నాకు చేయకుండా రాయడం చేతకాదు. శనివారం సాయంత్రాలు బడి వరండాలో మొదలుపెట్టాను.

మొదటి రెండు వారాలూ పిల్లలు తప్ప ఎవరూ రాలేదు. గోడ అవతల అరుగు మీద కూర్చున్న మగవాళ్ల మాటలు నాకు వినపడాలనే అన్నట్టుండేవి.

"గొల్లోళ్ల పిలగాడు సాలోళ్లకు కథ చెప్తడట."

"గొర్లకు చెప్పి అలవాటు గద. అవి నడిమిట్ల లేసి పోవు."

మూడో వారం కథ ఆపి బొమ్మలు పట్టాను. మగ్గాల కింద తెగిపడిన నూలు పోగులు, పాత చీర పేలికలు తెమ్మన్నాను. పేలికను ఉండ చేసి తల, పుల్లలతో చేతులు, నూలుతో జుట్టు. ఎవరి బొమ్మను వారు చేత్తో పట్టుకొని ఆడిస్తూ కథ చెప్పాలి. బొమ్మలు ఇళ్లకు చేరాక తల్లులు వచ్చారు. పిల్ల కుట్టిన వంకర కుట్టు చూసి ఊరుకోలేక వచ్చారు. అయిదో వారానికి హాజరు ఇరవై రెండు. అందులో ఆడవాళ్లు తొమ్మిది మంది.

ఇది కులపెద్దకు నచ్చలేదు. అరవై దాటిన మనిషి. వాడంతా ఆయనను పెద్దయ్య అనేది. ఒక పొద్దున బడికి వచ్చి గడప అవతలే నిలబడ్డాడు.

"శనివారం పొద్దుగూకంగ నూలు కండెలు చుట్టే చేతులన్ని నీ వరండల బొమ్మలాడితె, తెల్లారి మగ్గాలు ఏం తింటయ్ సారూ?"

"గంటసేపే గద, పెద్దయ్యా."

"గంటకు ఎన్ని కండెలైతయో నీకు ఎరుకేనా?"

నాకు తెలియదు. తెలియదని ఒప్పుకోకుండా పాఠం మొదలుపెట్టాను. ఆయన వెళ్లిపోయాడు.

వచ్చే ఆడవాళ్లలో ఒకామె భర్త ఏడాది కిందట చనిపోయాడు. ఆమె తనే గుంటలో దిగి నేసేది. ఆమెకు పదేళ్ల కూతురు ఒక్కతే. ఆ పిల్ల బొమ్మ కడితే విప్పి చూసినా ముడి కనపడేది కాదు. ఆరో శనివారం మగ్గం గుంటలో పడి పడుగు నూలు మేసిన మేకపిల్ల కథ చెప్పింది. సొంతంగా అల్లిన కథ. మేకకొక గొంతు, మొత్తుకునే నేతగాడికొక గొంతు. ఆడవాళ్లు కొంగు నోట్లో కుక్కుకొని నవ్వారు. గోడ అవతల అరుగు మీద కూడా ఎవరో నవ్వారు.

బాగా చెప్పినవారికి ఏదైనా బహుమానం ఉండాలని నాకు తోచింది. ఇవ్వడానికి నా దగ్గర ఏముంది? ఆ వారం గెలిచినవారి బొమ్మను వాళ్ల ఇంటి ముందు జెండాలాగా ఎత్తితే వాడంతా చూస్తుంది అనుకున్నాను. ఆదివారం పొద్దున్నే పొడవాటి వెదురు గడ తీసుకొని ఆ పిల్ల ఇంటి ముందు గుంత తవ్వుతున్నాను. తల్లి లోపల నేస్తోంది. మగ్గం చప్పుడు వినపడుతూనే ఉంది. పెద్దయ్య అటుగా వచ్చి ఆగాడు.

"గుంత ఎందుకు సారూ?"

"గడ పాతనీకె. పిల్లకు బహుమానం."

"గడకు ఏం కడ్తవ్?"

"ఆ పిల్ల చేసిన బొమ్మ."

ఆయన ఇంటివైపు చూశాడు. వంగి గుంతలోకి చూశాడు.

"జర లోతుగ తవ్వు. గాలికి పడకుండ."

అని తన దారిన పోయాడు. నేను లోతుగా తవ్వాను.

ఆ రోజు డైరీలో పొద్దున రాసుకున్నది ఇంతే: "ఎండ. బొమ్మ ఎత్తాను. బాగుంది." కింద సగం పేజీ ఖాళీ.

నీళ్లకు పోయే ఆడవాళ్లు బిందెలతో అక్కడే ఆగిపోయారు. మగ్గం చప్పుడు ఆగింది. తల్లి బయటికి వచ్చి గడ మొదలు చూసింది, తరువాత తలెత్తి కొస చూసింది.

"కథ చెప్పేటాయన పంపిండా?" అని నన్నే అడిగింది.

"ఎవరమ్మా? నేనే పాతిన. నీ బిడ్డ కథ మంచిగ చెప్పిందని..."

ఆమె నా మాట వినలేదు, ఎదురు వాకిళ్లవైపు చూసింది.

వాళ్ల కులానికి, బట్ట మీద బొమ్మలు గీసిన పటం విప్పి కుల కథ చెప్పే కుటుంబాలు ఉన్నాయి. రెండు మూడేళ్లకొకసారి ఊరికి వస్తారు. ఉన్నన్ని రోజులూ ఇంటికొక పూట వంతున వాళ్లకు అన్నం పెట్టాలి. వంతు తప్పిన ఇంటి ముందు కథకుడు గుడ్డబొమ్మను గడకు కట్టి నిలబెడతాడు. ఆ బొమ్మ ఆ ఇంటి యజమాని. అది నిలిచినన్ని రోజులు ఆ ఇంటికి కులంలో ఎవరూ చేయి సాయం చేయరు. కిందటిసారి కథకుడు వచ్చినప్పుడు వంతు తప్పింది ఈ ఒక్క ఇల్లే. అప్పుడు భర్త నల్గొండ దవాఖానలో ఉన్నాడు. ఆమె అక్కడే ఉంది. కథకుడు ఏమీ అనకుండా వెళ్లిపోయాడు గాని, ఇంకా ఏమంటాడో అన్న భయం ఆమెకు మిగిలే ఉంది. ఇలా బొమ్మ ఎత్తడం ఆ వాడలో చివరిసారి జరిగింది నా బడిపిల్లలు పుట్టకముందు. అందుకే బొమ్మ ఎత్తుతానంటే ఆ పిల్లలెవరూ నన్ను ఆపలేదు. ఇదంతా ఆ గంటలోనే తలా ఒక ముక్క అంటుంటే విన్నాను.

గడ పీకబోయాను. తల్లే అడ్డం వచ్చింది.

"ముట్టకుండ్రి సారూ. ఇంకేం మిగిలిందని?"

అప్పటికి పెద్దయ్య మళ్లీ వచ్చాడు. "ఎక్కిన బొమ్మ ఊరికె దిగదు. కథ చెప్పేటాయన వచ్చి గా ఇంట్ల మెతుకు ముట్టినంకనే దిగుతది."

"నేను మీ కథ చెప్పేటోన్ని గాను గద!"

"నువ్వెవలైతేంది. బొమ్మ నిలవడ్డది."

"గుంత తవ్వంగ చూసినవ్. అప్పుడెందుకు చెప్పలే?"

"నువ్వు అడిగినవా?"

ఆ మాట అన్నప్పుడు ఆయన ముఖంలో కోపం లేదు. ఉంటే మరిచిపోయేవాణ్నేమో. నా వరండాను మూయించడానికి ఆయనకు ఒక గుంత దొరికింది. అందులో ఆ ఇల్లు పడుతుందని తెలిసీ ఇంకా లోతుగా తవ్వమన్నాడు. నేను క్షమించనిది ఆయననే.

బొమ్మ నిలవడమంటే ఏమిటో మంగళవారం తెల్లవారుజామున చూశాను. మగ్గమెక్కే ముందు పడుగును, అంటే నిలువు పోగులను, వీధి పొడవునా పరిచి, గంజి పట్టించి, ఆరకముందే కుంచెలతో దువ్వాలి. ఎండ ఎక్కేలోపు అయిపోవాలి. దానికి కనీసం ఎనిమిది మంది కావాలి. ఒకరి పడుగుకు ఒకరు పోవడం అక్కడ పద్ధతి. ఆమె, కూతురు పడుగు పరిచి, గంజి కుండ పక్కన పెట్టుకొని నిలబడ్డారు. ఒక్క తలుపూ తెరుచుకోలేదు.

నేను పరుగున పోయి పిల్లల్ని పోగుచేశాను. ఎనిమిది మంది వచ్చారు. ముగ్గురిని తండ్రులు అరుగుల మీది నుంచే పేరు పెట్టి పిలిచి లోపలికి పంపారు. మిగిలిన అయిదుగురితో, నాతో పని మొదలైంది. గంజి ఒకచోట చిక్కగా, ఒకచోట పలచగా పడింది. దువ్వేలోపు ఎండ వచ్చేసింది. అతుక్కున్న పోగులు విడదీయబోతే పటపట తెగాయి. ఆమె ఏడవలేదు. పడుగంతా చేతులకు చుట్టుకొని ఒళ్లో వేసుకుంది.

"బొమ్మలు చేసే చేతులు సారూ ఇవి. పడుగు వేరే. మీ పుణ్యం ఇంక సాలు. పోండ్రి."

కథకుడు మామూలుగా వచ్చేదాకా ఆగితే నెలలు పడుతుంది. అంతదాకా ఆ మగ్గం ఆడదు. ఆ తల్లీబిడ్డలు ఏం తింటారు? బడికి సెలవు పెట్టి, సైకిలు మీద నల్గొండ వైపు నేత ఊళ్లన్నీ అడుగుతూ పోయాను. శుక్రవారం మధ్యాహ్నం దొరికాడు. ఒక ఇంటి పంచలో కూర్చొని పటం అంచు కుట్టుకుంటున్న ముసలాయన. జరిగింది చెప్పాను. సూది ఆగలేదు.

"గా ఇంటి మీద నాకు ఏ కోపం లేకుండె. మనిషి దవాఖానల పడి ఉంటె వంతు లెక్కల రాదు. గంత నీతి గూడ మాకు లేదనుకున్నవా?"

"నాకు తెల్వదు తాతా."

"తెల్వకుంటె ఊకుండాలె. మా తాత తన జన్మల రెండు బొమ్మలు ఎత్తిండు. మా నాయిన ఒక్కటి. నేను ఇప్పటిదాకా ఎత్తనే లేదు. నువ్వు ఊరికొచ్చిన యాడాదికే ఎత్తినవ్. అదీ ముద్దుకు!"

ఆ ఇంటికి వచ్చి ఒక పూట తినమని బతిమాలాను.

"తింట. కని ఎక్కిన బొమ్మ ఉత్తగ దిగదు. ఒక గడప ముంగట తీస్తె, తప్పు ఎవలిదో వాళ్ల గడప ముంగట నిలవాలె. నీ ఇల్లేది?"

"బడే నా ఇల్లు."

"అయితె బడి ముంగటనే."

సరే అన్నాను. గడ వరండా ముందు నిలిస్తే శనివారం వరండా ఎక్కేవారు ఉండరని అప్పటికే అర్థమైంది. వేరే దారి అడగలేదు.

ఆదివారం వచ్చాడు. వాడంతా చూస్తుండగా ఆ ఇంట్లో జొన్న గటక, పచ్చిపులుసు తిన్నాడు. రెండోసారి అడిగి మరీ వేయించుకున్నాడు. చెయ్యి కడుక్కొని బయటికి వచ్చి, గడను తనే ఊపి పీకి, బొమ్మ విప్పి చేతిలోకి తీసుకున్నాడు. అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఎవలు కట్టిండ్రు గిది?"

"నేనే" అంది పిల్ల.

"చేతులు మంచియి బిడ్డా. గీ సారు బొమ్మ కడ్తవా?"

పిల్ల నావైపు చూడలేదు. తల్లివైపు చూసింది. నేను కూడా తల్లివైపే చూశాను. వద్దంటుందని నాకు ఆశ ఉండింది. ఇప్పుడు దాచి ఏం లాభం?

"కట్టు" అంది తల్లి. "జేబు మరువకు. జేబుల కలం."

అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా పెద్దయ్య నవ్వాడు. పిల్ల గడప మీద కూర్చొని, నేను నేర్పిన పద్ధతిలోనే, ఉండ చుట్టి తల చేసి, తెల్ల పేలికతో చొక్కా తొడిగింది. జేబు కుట్టి అందులో పుల్ల గుచ్చింది. ఎవరూ చెప్పకుండానే ఇంకొక చిన్న ముక్కను మడిచి చేతిలో పెట్టి కుట్టింది. నేను సంకలో పెట్టుకు తిరిగే డైరీ అది. ముసలాయన గడను బడి ముందు పాతాడు. కథకుడు మెతుకు ముడితేనే బొమ్మ దిగాలి. అతడు పద్మశాలీల ఇళ్లలో తప్ప తినడు. కాబట్టి నా బొమ్మ దిగే దారే లేదు.

మర్నాడు తెల్లవారేసరికి ఆమె కొత్త పడుగు దగ్గర పన్నెండు మంది ఉన్నారు. పెద్దయ్య ఒక కొన పట్టుకున్నాడు. వరండాలో నుంచి చూశాను. ఎండ ఎక్కకముందే పని అయిపోయింది. తొమ్మిదికల్లా మగ్గం చప్పుడు మొదలైంది. నన్నెవరూ పిలవలేదు. నేనూ పోలేదు.

ఆ శనివారం హాజరు సున్నా. తరువాతి శనివారమూ అంతే. బ్లాకు ఆఫీసుకు ఉన్నదున్నట్టు రాశాను. పిల్లలు పగటి బడికి మాత్రం వచ్చారు. ఆ పిల్ల కూడా వచ్చింది. తల్లి నాతో మళ్లీ మాట్లాడలేదు. బదిలీ అయ్యేదాకా రెండేళ్లు ఆ బొమ్మ కింది నుంచే బడిలోకి పోయాను, వచ్చాను.

ఒకసారి వానగాలికి గడ ఒరిగి బొమ్మ తలకిందులైంది. మర్నాడు బడి గంటకు ముందే ఆ పిల్ల వచ్చి, గడ మొదట్లో రాళ్లు కూరి, పైకెక్కలేక తోటి పిల్లల సాయంతో గడ వంచి, బొమ్మను నిటారుగా బిగించి కట్టింది. తడిసి వదులైన జేబును పళ్లతో దారం తెంపి మళ్లీ కుట్టింది. నా మీద దయతో కాదు. తన పనితనం వాడలో వంకరగా కనపడటం ఆ పిల్లకు ఇష్టం లేదు.