వంతెన దిగేటప్పుడు

మా ఆయన తరఫు వాళ్లు చెప్పే కథ ప్రకారం, ఆ రోజు కొల్లేరు దారిలో మా కారు చేపల చెరువు అంచుదాకా వెళ్లడానికి కారణం నేను. భయపడి హ్యాండ్ బ్రేకు లాగానట. కారు అడ్డం తిరిగిందట. ఆయన డ్రైవింగు బాగుండబట్టి అందరం బతికామట. రెండేళ్లుగా ప్రతి పెళ్లిలోనూ, ప్రతి పేరంటంలోనూ ఇదే వింటున్నాను. ఈ చెప్పేవాళ్లలో ఆ రోజు కారులో ఉన్నది మా వదినగారు, అంటే మా ఆయన అక్కగారు, ఒక్కరే. ఆవిడా వెనక సీట్లో కళ్లు మూసుకుని స్తోత్రాలు చదువుకుంటున్నారు. హ్యాండ్ బ్రేకు లాగిన మాట నిజమే. అంతకు నిమిషం ముందు ఏం జరిగిందో ఎవరూ చెప్పరు. అది నేను చెబుతాను.

మాది చిన్న పెట్రోలు కారు. ఉండేది ఏలూరులో, ఆయన తాడేపల్లిగూడెంలో లెక్చరరు. లీటరుకి ఇరవై నాలుగు కిలోమీటర్లు ఇస్తుందని చెప్పి అమ్మారు. మాకు పద్దెనిమిది దాటలేదు. ఆ ఆరు కిలోమీటర్లూ ఎవరో తన జేబులోంచి కొట్టేసినట్టు బాధపడ్డారాయన. ముందు ఏసీ ఆగిపోయింది. తర్వాత డిక్కీలో ఉన్న నా మడతకుర్చీ, బరువని, దిగిపోయింది. మండుటెండలో అద్దాలు కూడా పూర్తిగా దించనిచ్చేవారు కాదు, గాలి కారుని వెనక్కి లాగుతుందట.

“అయితే నేనూ దిగిపోతానండీ, ఇంకో అరవై కిలోలు తగ్గుతాయి” అన్నాను.

ఆయన నవ్వలేదు. లెక్క వేస్తున్నారేమో అనుకున్నాను.

స్కూటరు రోజుల నుంచి ఆయనకు ఒక అలవాటుంది. పల్లం వస్తే ఇంజను ఆపేయడం. మా వైపు నేల పీటలా చదునుగా ఉంటుంది, పల్లాలు ఎక్కడివి? వంతెనలే మాకు కొండలు. వంతెన నడినెత్తికి రాగానే న్యూట్రల్లో వేసి, తాళం వెనక్కి తిప్పి ఇంజను ఆపుతారు. వెంటనే తాళాన్ని ఒక గడి ముందుకు జరుపుతారు, ఎందుకంటే మైలేజీ చూపించే స్క్రీను వెలుగుతుండకపోతే ఆ జారిన దూరం లెక్కలో కలవదు. కిందికి చేరాక గేరు వేసి క్లచ్ వదిలితే ఇంజను మళ్లీ లేస్తుంది. స్క్రీను మీద అంకె ఒక పాయింటు పెరిగితే, మొదటి ర్యాంకు వచ్చిన పిల్లవాడిలా నావైపు చూస్తారు.

ఆ మధ్యాహ్నం వదినగారిని కైకలూరు దగ్గర వాళ్ల ఊళ్లో దింపడానికి వెళ్తున్నాం. మా అమ్మాయికి పరీక్ష ఉండి రాలేదు. కొల్లేరు మీద ఒక వంతెన ఎక్కాక ఆయన చెయ్యి తాళం మీదికి వెళ్లింది. చప్పుడు ఆగిపోయింది. మాకు ముందు ఏదో చేపల లారీ వెళ్లినట్టుంది, రోడ్డంతా ఐసు నీళ్లు కారి తడిగా ఉంది. కింద, చెరువు గట్టు మీంచి తవుడు బస్తాల మోపెడ్ ఒకటి అటూ ఇటూ చూడకుండా రోడ్డెక్కింది.

ఆయన బ్రేకు తొక్కారు. కొంచెం పట్టింది. వదిలి మళ్లీ తొక్కారు. ఈసారి మోకాలు బిగుసుకుంది గాని పెడలు దిగలేదు. స్టీరింగు తిప్పబోయారు. అదీ మొరాయించింది.

“ఏవండీ, స్టార్టు చెయ్యండి!”

“ఉండవే!”

ఆయన మెడ మీద నరం పొంగడం చూశాను. అప్పుడు లాగాను హ్యాండ్ బ్రేకు.

కారు జర్రున అడ్డం తిరిగి, గట్టు మీది గడ్డిలోకి ముందు చక్రం దిగబడి ఆగింది. నా కిటికీ కింద రోడ్డు లేదు. ఆకుపచ్చటి నీళ్లు, వెదురు కర్రలకి కట్టిన మేత సంచులు. తలుపు తీస్తే నీళ్లలోకే. నాకు ఈత రాదు. సంచుల దగ్గర చేపలు మూతులు పైకెత్తి తింటూనే ఉన్నాయి.

మోపెడ్ అతను పరుగెత్తుకొచ్చాడు. “హారన్ అన్నా కొట్టొద్దా అండీ? బండొస్తున్న చప్పుడే లేదండీ బాబూ!”

ఆ మాట మా వాళ్ల కథలో ఎక్కడా ఉండదు.

“ఏమైందిరా?” అన్నారు వదినగారు, కళ్లు తెరిచి.

“ఇంజను ఆగిపోయిందక్కా. ఇంతలో ఇది కంగారుపడి బ్రేకు లాగేసింది.”

ఆగిపోయిందిట! ఆపితే ఆగింది.

మర్నాడు కారు చూసిన మెకానిక్కు నా మొహం మీదే చెప్పాడు, తడి రోడ్డు మీద హ్యాండ్ బ్రేకు లాగడం తప్పని. ఒప్పుకున్నాను. లాగకపోతే ఏమయ్యేదో నాకూ తెలియదు. ఆయనకీ చెప్పాడు. “ఇంజను ఆపితే బ్రేకు రాయైపోద్దండి. గేరులోనే ఉంచి యాక్సిలరేటరు మీంచి కాలు తీసేయండి, ఇప్పటి బళ్లు పెట్రోలు వాటంతటవే ఆపుకుంటాయండి.” ఆయన సరేనన్నారు. ఇంటికొచ్చాక, “వాడికేం తెలుసు” అన్నారు. ఆ తర్వాత నేను పక్కన ఉండగా తాళం ముట్టలేదు.

ఈ ఏడు అమ్మాయి తాడేపల్లిగూడెంలోనే ఇంజనీరింగు చేరింది. పొద్దున్నే నాన్నతో కారులో వెళ్లి, సాయంత్రం ఆయనతోనే వస్తుంది. హైవే మీద ఎన్ని ఫ్లైఓవర్లున్నాయో ఒకసారి బస్సులో వెళ్లి లెక్కపెట్టాను. వాటి మీద తిరిగేవి మోపెడ్లు కావు, లారీలు.

పోయిన నెల ఓ సాయంత్రం అమ్మాయి చెప్పులు విప్పుతూనే, “అమ్మా, ఇవాళ ఇరవై రెండు దాటింది! నాన్న రికార్డు!” అంది.

చేతిలో పని ఆపి అడిగాను, “ఏసీ కట్టేశారా?”

“లేదమ్మా, నాకోసం వేస్తున్నారుగా.”

కారు అదే. దారి అదే. మనిషి ఒకరు ఎక్కువయ్యారు, ఏసీ నడుస్తోంది. మరి అంకె ఎలా పెరిగింది? అప్పటి నుంచి వాళ్లు రాగానే మొహాలు చూడను, ముందు స్క్రీను చూస్తాను. అందరిళ్లలో మైలేజీ తగ్గితే దిగులు. నాకు పెరిగితే ఆ పూట అన్నం దిగదు.

“ఫ్లైఓవర్ దిగేటప్పుడు ఇంజను చప్పుడు వినిపిస్తుందా నీకు?” అని అడిగాను.

“ఏమో, చెవుల్లో పాటలుంటాయి కదా. నీకు నాన్న మీద ఎప్పుడూ అనుమానమేనమ్మా. ఆ రోజు బ్రేకు లాగింది నువ్వేగా!”

వాళ్ల కథ నా కూతురి దాకా వచ్చేసింది. రైలు పాసు తీసిస్తానన్నాను, నవ్వేసింది. ఇంజను ఆపుతున్నారా అని ఆయన్ని అడిగితే పేపరు దించకుండా, “టైర్లలో గాలి సరిగ్గా పెట్టించానోయ్” అన్నారు. నిజమే కావచ్చు. గాలి సరిగ్గా ఉంటే మైలేజీ పెరుగుతుందని నేనూ చదివాను. కానీ నేను అడిగింది గాలి గురించి కాదు.

రోజూ సాయంత్రం ఆరు దాటితే గేటు దగ్గర నిలబడి చెవులు రిక్కించుకుని ఇంజను చప్పుడు కోసం చూస్తుంటాను. ఆ రోజు తప్పు నాదేనని రాసిమ్మంటే రాసిస్తాను, కావాలంటే పెళ్లిళ్లలో నేనే చెబుతాను. ఏవండీ, ఒక్క జవాబు చెప్పండి చాలు. నేను పక్కన లేనప్పుడు, పిల్ల పాటలు వింటూ మీ పక్కన కూర్చున్నప్పుడు, ఫ్లైఓవర్ దిగుతూ మీ చెయ్యి ఎక్కడ పెడతారండీ?