అమ్మమ్మ కట్టిన ఎర్ర పూసలు

మా చిన్నప్పుడు... మాదన్నపేట నుంచి ఎండాకాలం సెలవులకు అమ్మమ్మ ఊరికి వెళ్లేవాళ్లం. ఆ ఏడు చెలకలో, అంటే వాళ్ల మెట్టచేనులో, బావి తవ్వుతుంటే మా మామ గడ్డపారకు బండ తగిలింది. బండ కింద పెద్ద కుండ!

"లంకెబిందెరో!" అని ఎవరో అరిచారు. ఊరంతా ఉరికొచ్చింది.

మామ మట్టి తోడాడు... బంగారం లేదు. పసిపిల్లవి సన్నని ఎముకలు, కొన్ని ఎర్ర పూసలు.

అందరూ వెనక్కి జరిగారు. అమ్మమ్మ మాత్రం అక్కడే కూలబడి, పూసలను కొంగుతో తుడిచింది.

"నా బిడ్డవే... నా చేతులతోని కట్టిన."

మా అమ్మకంటే ముందు ఆమెకో ఆడపిల్ల పుట్టిందట. పేరు పెట్టకముందే పోయింది. దిష్టికి కట్టిన ఎర్ర పూసలతోనే తాతయ్య చెలకలో ఎక్కడో పూడ్చాడు. బాలింత అని అమ్మమ్మను రానివ్వలేదు. ఆ చోటు చూపించకుండానే తాతయ్య కూడా పోయాడు. అందుకే ఏటా పెత్రమాసనాడు, పోయినవాళ్లకు పెట్టే అమావాస్యకు, చెంబెడు పాలు చెలకంతా చల్లుకుంటూ తిరిగేది... ఎక్కడో ఒకచోట అందుతాయని.

"అవ్వా, చంటిపిల్లకు గంత బండ ఎవడన్న పెడ్తడా?" అని తల్లిని అడిగాడు మామ.

"నీకేం ఎర్క? అప్పటికి నువ్వు పుట్టినవా?" అని కసిరింది.

పట్నం నుంచి జీపులో పురావస్తు శాఖ సార్లు వచ్చారు. "అమ్మా, ఇది వేల ఏండ్ల కిందటి సమాధి" అని నెమ్మదిగానే చెప్పారు.

"నాకు గూడ వేల ఏండ్లయినట్టే ఉన్నది సారూ..."

చివరికి మామే ఆమె పిడికిలి విప్పి పూసలు తీసి సార్లకిచ్చాడు. కుండను ఎముకలతో సహా జీపులో ఎక్కించారు. జీపు వెనకాలే కొంతదూరం నడిచింది అమ్మమ్మ. "పైలం సారూ... ఎండ తగలనియ్యకుండ్రి."

తర్వాత చెలక ప్లాట్లయింది. అమ్మమ్మ మా దగ్గరికి వచ్చేసింది. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటిదాన్ని నేనే. అలాంటి సమాధుల గురించి చదివాను... సార్లు చెప్పింది నిజమే.

"సదువుకున్నదానివి గదా బిడ్డా... గది మన పిల్లనే గదా?" అని అడిగిందోరోజు.

"మన పిల్లే అమ్మమ్మా" అన్నాను.

ఇప్పుడు అమ్మమ్మ లేదు. తాతయ్య పూడ్చిన మన పిల్ల ఎవరి ఇంటి పునాది కింద ఉందో తెలియదు. పెత్రమాస వస్తే పాలచెంబు పట్టుకుని మా గల్లీలో నిలబడతాను... అంతా సిమెంటే. గుమ్మం పక్కన తులసి కుండీలోనే పోస్తాను, ఇద్దరు పిల్లలకూ కలిపి. ఆ కుండలోని బిడ్డకు కూడా ఓ అమ్మ ఉండే ఉంటుంది కదా...

మీ ఇంట్లోనూ పేరు పెట్టకముందే పోయిన బిడ్డలున్నారా? వాళ్లకు పాలు ఎక్కడ పోస్తున్నారు... చెప్తారా?