మా మేనత్త ముందే అడిగిన మాట

కరీంనగర్‌లో మా మేనత్తకు పిండివంటల దుకాణం ఉండేది. సకినాలు, గారెలు, అరిసెలు. ఎవరు కొన్నా, లెక్క పూర్తయ్యాక పొట్లంలో ఇంకో రెండు సకినాలు వేసేది. ఆ కొసరు కోసమే జనం రెండు వీధులు దాటి వచ్చేవాళ్లు.

నేను అప్పుడే ఇంటికి సరుకు చేర్చే ఒక యాప్ కంపెనీలో కుదిరాను. ఊళ్లో దుకాణాలను అందులో చేర్పించడం నా పని. మొట్టమొదట చేర్చింది అత్తనే. ఆమె ధర ఆమెకు పూర్తిగా ఇస్తూ, కొన్నవాళ్లకు మాత్రం కంపెనీ తన డబ్బుతో తగ్గించి అమ్మేది. అత్తకు ఇది మింగుడుపడలేదు.

"అల్లుడా, కొసరంటే అసలు మీద సంపాయించినోడు ఇచ్చేది. మీరు అసలే కొసరు కింద పోస్తున్రు. గీ కంపినీకి లాభం ఏడికెళ్లి వస్తదిరా?"

నేను నవ్వాను. శిక్షణలో నేర్చుకొచ్చిన తెలివంతా చూపిస్తూ నవ్వాను.

"ముందు పెరగాలె అత్తా. లాభం ఎనకొస్తది."

ఆమె నన్ను నమ్మింది. ఆర్డర్లన్నీ ఫోన్లోనే వస్తుంటే రోడ్డు మీది షట్టర్‌కు కిరాయి దండగని చెప్పిన మహానుభావుణ్ని కూడా నేనే. దుకాణం వదిలేసి, ఇంటి వెనక రేకుల షెడ్డులో ముగ్గురు ఆడవాళ్లను పెట్టుకుని సకినాలు చుట్టించింది. ఆ షట్టర్‌లో ఇప్పుడు ఫోన్ కవర్లు అమ్ముతున్నారు.

కొన్నాళ్లకు కంపెనీ షేర్ మార్కెట్‌కు వెళ్లింది. నాకు జీతం పెంచే బదులు షేర్లు ఇచ్చారు. రెండేళ్లు పనిచేస్తేనే అవి నావి. ఈలోగా పెట్టుబడి పెట్టినవాళ్లకు అనుమానం పట్టుకుంది. ఇంత పెరుగుతున్నారు సరే, లాభం ఎప్పుడని నిలదీశారు. షేరు ధర పడిపోతూనే ఉంది. పైవాళ్లు మీటింగు పెట్టి తగ్గింపులు ఆపమన్నారు, దుకాణాల దగ్గర కమిషన్ పెంచమన్నారు. అందరినీ ఒప్పించుకు రావాల్సింది నేను. మానేస్తే షేర్లు పోతాయి, ఉంటే అత్త ముందుకు వెళ్లడానికి ముఖం చెల్లదు.

వారం రోజులు తప్పించుకు తిరిగి చివరికి వెళ్లాను. అత్త పిండి చేతులు తుడుచుకుంటూ అంతా విన్నది.

"గదే మాట నేనడిగితే నవ్వినవ్. పైసలు పెట్టినోళ్లు అడిగితే చెవికెక్కిందా?"

సిగ్గుతో చచ్చిపోయాను.

"ఒద్దంటే ఏమైతది?" అంది.

"ఆర్డర్లు బంద్ అయితయి అత్తా."

షెడ్డులో ముగ్గురూ చుట్టడం ఆపి మా వైపే చూస్తున్నారు. అత్త వాళ్లను ఒకసారి చూసి ఫోన్ చేతికి తీసుకుంది. ఒప్పుకున్నట్టుగా ఆమె ఫోన్‌కు ఒక నంబరు వస్తుంది, అది నాకు చెప్పాలి. ఒక్కో అంకె కూడబలుక్కుంటూ చదివింది. తప్పు చదివితే బాగుండునని ఎంత కోరుకున్నానో. ఆమె తప్పు చదవలేదు. నేనూ తప్పు కొట్టలేదు.

వచ్చేటప్పుడు ఎప్పటిలాగే ఇంటికి పాతిక సకినాలు కొన్నాను. లెక్కపెట్టి పొట్లం కట్టి ఇచ్చింది.

ఇంటికొచ్చి లెక్కపెట్టాను. సరిగ్గా పాతికే ఉన్నాయి.